అమ్మోరు పోసిన మొగం

మా ఆయన కృపావరం ఫోటో తీస్తే మొటిమలు కూడా మర్యాదగా పక్కకు తప్పుకుంటాయని నంద్యాలలో ఒక మాట ఉండేది. ఆ మాట విన్నప్పుడల్లా ఆయన తల వంచుకుని నవ్వేవారు. పొగడ్తకు పొంగిపోకూడదని మిషన్ స్కూలు టీచరైన మా మామగారు ఆయనకు చిన్నప్పుడే నేర్పారు. అయినా ఆ పూట అన్నం ఒక ముద్ద ఎక్కువే తినేవారు.

ఆయన మద్రాసులో ఒక సినిమా స్టిల్ ఫోటోగ్రాఫర్ దగ్గర పని నేర్చుకుని వచ్చి, స్టేషన్ రోడ్డులో స్టూడియో పెట్టారు. పెళ్లిళ్ల ఫోటోలు, హాల్ టికెట్ ఫోటోలు మాకు అన్నం పెట్టాయి. పేరు తెచ్చినవి మాత్రం పేరున్నవాళ్ల ఫోటోలే. మహానందికో అహోబిలానికో సినిమావాళ్లు వస్తున్నారని తెలిస్తే చాలు, కెమెరా పెట్టె, రెండు లైట్లు రిక్షాలో వేసుకుని ట్రావెలర్స్ బంగళా గేటు దగ్గర నిలబడేవారు. పది నిమిషాలు అడిగి గంట కూర్చోబెట్టేవారు. ఎవరూ విసుక్కోలేదు. ఫోటో చూశాక విసుగు మరిచిపోయేవాళ్లు. మంత్రిగారి గడ్డం కింద వేలాడే చర్మం, హరిదాసుగారి మెల్లకన్ను, నటుడి పలచబడిన జుట్టు, ఏవీ మా షోకేసు అద్దం దాకా వచ్చేవి కావు.

అవన్నీ దారిలో ఆగిపోయే చోటు మా ముందుగది కిటికీ దగ్గర ఉండేది. ఏటవాలుగా నిలబెట్టిన చెక్క బల్ల, మధ్యలో కోసి బిగించిన పాలగాజు. కింద అద్దం పెడితే పగటి వెలుతురు పైకి తిరిగి, గాజు మీద పెట్టిన నెగటివ్ గుండా వస్తుంది. నెగటివ్‌లో అంతా తలకిందులు. నల్లనిది తెల్లగా, తెల్లనిది నల్లగా కనబడుతుంది. ముఖం మీద గుంట ఉంటే దాని నీడ అందులో తెల్లటి చుక్క. ఆ చుక్కను సూదిలా చెక్కిన పెన్సిలుతో నింపితే ప్రింటులో గుంట పూడిపోతుంది. గుంట అంచు మెరుస్తూ ఉంటే అది నెగటివ్‌లో నల్లటి గీత. దాన్ని విరిచిన బ్లేడు మొనతో గీకి పలచన చేయాలి. పెన్సిలు తప్పయితే టర్పెంటైన్‌లో ముంచిన దూదితో తుడిచేయవచ్చు. బ్లేడు తప్పయితే చేయగలిగింది ఏమీ లేదు. నేను బి.ఏ. చదివి ఆ ఇంటికి వచ్చిన కొత్తలో ఆయన నాకు చెప్పిన మొదటి విషయం ఇది. చెప్పి, బ్లేడు ముక్కలున్న పిప్పరమెంట్ల డబ్బా ముట్టుకోవద్దన్నారు.

కమలాక్షి మొదటిసారి మా స్టూడియోకు వచ్చింది డెబ్బై నాలుగులో, శివరాత్రి మరునాడు పొద్దున్నే. రాత్రంతా నంద్యాలలో నాటకం ఆడి, రంగు కడుక్కుని, తడి జుట్టు ముడి వేసుకుని నేరుగా వచ్చింది. ఆళ్లగడ్డ దగ్గర పల్లెటూరి పిల్ల. అప్పటికింకా పెద్ద పేరు లేదు.

"అన్నా, ఊర్లల్లో గోడలకు నా బొమ్మ అంటిస్తారంట. బాగ తీయల్ల. ఎక్కువసేపు కూకోలేను, నిద్రొస్తాంది" అంది.

"నిద్ర కండ్లే బాగుంటాయిమ్మా. ఆ స్టూలు మీద కూచో."

నేను టీ తీసుకువెళ్లి అక్కడే నిలబడ్డాను. ఆమెకు చిన్నప్పుడు అమ్మవారు పోసింది. రెండు చెంపల నిండా గుంటలు, నుదుటి మీద కొన్ని, ముక్కు కొసన ఒకటి. అయినా చూసేవాళ్ల చూపు వాటి మీద ఆగేది కాదు. పెద్ద కళ్లు. మాట్లాడేటప్పుడు పెదవి ఒక పక్కకు వంగేది. ఆ వంపు కోసం ఇంకో మాట మాట్లాడితే బాగుండుననిపించేది.

సాయంత్రం ఆమె మళ్లీ వచ్చినప్పుడు ఆయన ఏమీ దిద్దని మొదటి ప్రింటు చూపించారు. ఆమె దాన్ని వాకిట్లోకి తీసుకుపోయి వెలుగులో చూసింది.

"ఇన్నుండాయా అన్నా?" అంది. "మా ఇంట్లో అద్దం చిన్నది. ఒగ చెంప చూసుకుంటే ఇంగో చెంప కనపడదు. ఇన్నుండాయని నాకు తెల్దు."

"ఇది పచ్చిదిమ్మా. ఇంగా పని ఉండాది" అన్నారు ఆయన.

ఆమె ఆ ప్రింటును నెమ్మదిగా నాలుగు ముక్కలు చేసి, ఖాళీ టీ గ్లాసులో కుక్కింది. "ఇది మాత్రం ఎవురికీ చూపొద్దు" అని వెళ్లిపోయింది.

ఆ నెగటివ్ మీద ఆయన పనిచేసినంత కాలం ఆ గదిలోకి మాట వెళ్లేది కాదు. పెన్సిలు, బ్లేడు, మళ్లీ పెన్సిలు. కళ్లు నీళ్లు కారితే తువ్వాలుతో ఒత్తుకుని మళ్లీ వంగేవారు. పూర్తయిన ప్రింటును కూడా కమలాక్షి వాకిట్లోకి తీసుకుపోయి వెలుగులో చూసింది. తర్వాత పెదవి పక్కకు వంగింది.

"ఈమె ఎవురో శానా బాగుందన్నా. ఈమెను పంపియ్యి నాటకాలకు. నేను ఇంట్లో పండుకుంటా."

ఆ ఫోటో గోడలెక్కింది, క్యాలెండర్లెక్కింది, ఆ పిల్ల ఆళ్లగడ్డ కమలాక్షి అయింది. కడప దాకా, బళ్లారి దాకా నాటకాలు. రాణి వేషం అంటే ఆమే, దేవత వేషం అంటే ఆమే. మా షోకేసు మధ్యలో మంత్రిని పక్కకు జరిపి ఆమెను పెట్టాం. స్టూడియోకు వచ్చిన పెద్దమనుషులు "కమలాక్షికి తీసినట్ల నాకూ తీయప్పా" అనేవారు. ఆమె తర్వాత కూడా చాలాసార్లు ఫోటో తీయించుకుంది. కానీ ఎప్పుడూ దట్టంగా రంగు వేసుకునే వచ్చేది. కడుక్కున్న ముఖంతో ఆ కెమెరా ముందు మళ్లీ కూర్చోలేదు.

ఎనభై రెండులో కామెర్లు వచ్చి చనిపోయింది. పెళ్లి చేసుకోలేదు. తల్లి ఒక్కతే మిగిలింది.

వానాకాలంలో ఒకరోజు ఆళ్లగడ్డ నుంచి నాటక కళాసమితి కార్యదర్శి సుబ్బరాయుడు వచ్చాడు. వెంట ఒక ముసలామె. చేతిలో గుడ్డ సంచి, కాళ్లకు చెప్పులు లేవు. కమలాక్షి తల్లి మద్దిలేటమ్మ అని అతనే చెప్పాడు.

"అన్నా, కమలాక్షమ్మకు శిల పెట్టిస్తాండాం, నాటకాల అరుగు పక్కన" అన్నాడు. "చెన్నకేశవులు చెక్కుతాడు. ఆయప్పకు మనిషంత పెద్ద ఫోటో కావల్లంట. నీ షోకేసులో ఉండాదే, ఆ బొమ్మ."

"తీసిస్తా. దానికేముంది" అన్నారు ఆయన. ఆ మాట ఎప్పటికంటే నెమ్మదిగా వచ్చింది. సంతోషమైతే ఆయన గొంతు తగ్గుతుంది.

మద్దిలేటమ్మ షోకేసు దగ్గర నిలబడి చూస్తోంది. అద్దానికి ముక్కు ఆనించేంత దగ్గరగా చూసింది.

"ఇది నా బిడ్డ గాదు" అంది.

సుబ్బరాయుడు నవ్వాడు. "రాష్ట్రమంతా కమలాక్షంటే ఈ బొమ్మేనమ్మా. నీకొక్కదానికే కాకపోతే యెట్ల?"

"నేనే గదా కనింది. మీ రాష్ట్రం కనిందా?"

ఆయన గొంతు సవరించుకున్నారు. "మీ అమ్మాయేనమ్మా. నేనే తీసినా."

"మచ్చలు యాడికి పోయినాయప్పా?"

ఎవరూ జవాబు చెప్పకముందే సుబ్బరాయుడు "బస్సుకు టైమైతాంది" అని ఆమెను తీసుకుపోయాడు. వారం తిరగకముందే ఆమె ఒక్కతే వచ్చింది. సంచిలో నుంచి పాత క్యాలెండర్ బొమ్మ, రెండు పోస్టరు ముక్కలు, మా స్టూడియో అట్టల్లో ఉన్న ఫోటోలు తీసి నేల మీద పరిచింది. అన్నీ నున్నటి ముఖాలే.

"పాపా, నువ్వు చదువుకున్నదానివి, నువ్వు చెప్పు" అంది నాతో. "నాకిద్దరు పిల్లోల్లు. ఇద్దరికీ ఒకేసారి అమ్మోరు పోసింది. చిన్నోడు పోయినాడు. ఇది మిగిలింది. మచ్చలుండబట్టే గదా, అమ్మోరు దీన్ని చూసి ఇడిసిపెట్టిందని నాకు తెల్సేది. పెద్దల అమావాస్యకు బొమ్మ ముందర చీర పెట్టల్ల. ఈ నున్నటి మొగానికి పెడ్తే ఆ చీర ఎవురికి పోతాది? నా బిడ్డకు యాడ అందుతాది?"

మా ఇళ్లలో పెద్దల అమావాస్య లేదు. చనిపోయినవాళ్లకు మేం చీరలు పెట్టం. కానీ చీర ఇంకెవరికో పోతుందన్న మాటకు ఆయన ముఖంలో ఏదో కదిలింది.

"అమావాస్య లోపల ఇస్తానమ్మా" అన్నారు. "మచ్చలతోనే ఇస్తా. నెగటివులన్నీ నా దగ్గరుండాయి."

ఆయన దగ్గర అన్నీ ఉన్న మాట నిజమే. ప్రతి నెగటివ్ కాగితం కవరులో, కవర్లు అట్టపెట్టెల్లో, పెట్టెలు చెద చేరని బేతంచెర్ల బండల అల్మారాలో. ఆ రోజే కమలాక్షివన్నీ తీశారు. తర్వాతి కాలంలో తీసిన ఒకదాన్ని టర్పెంటైన్‌తో తుడిచి ప్రింటు వేశారు. పెన్సిలు పోయింది కానీ దాని కింద ముఖానికి పట్టించిన రంగు ఉంది. ఇంకొకటి తుడిచారు. అక్కడా రంగే. కమలాక్షి తన ముఖాన్ని కెమెరా నుంచి ఎంత జాగ్రత్తగా దాచుకుందో అప్పుడు మాకు తెలిసింది.

ఇక మిగిలింది మొదటి నెగటివ్. కడుక్కున్న ముఖం అందులో ఒక్కదానిలోనే ఉంది. దాన్ని కవరులో నుంచి తీయకుండానే ఆయన రెండు మూడు రోజులు బల్ల చుట్టూ తిరిగారు.

"దీని మీద బ్లేడు కూడా ఆడించారు కదా" అన్నాను.

"ఆడించినా."

"ఎంత?"

ఆయన కవరు అంచు సరిచేశారు. ఆ నెగటివ్ ఆయనకు ఏమిటో నాకు తెలుసు. మద్రాసు నుంచి ఆయన గురువుగారు ఒకసారి వచ్చి దాన్ని కిటికీకి ఎత్తి పట్టుకుని చూసి, ఒక్క మాట కూడా అనకుండా ఆయన భుజం తట్టి వెళ్లారు. మంత్రుల ఫోటోలకూ నటుల ఫోటోలకూ దొరకనిది అది.

"వద్దులెండి. బ్లేడు పోయినచోట ముఖం ఎలాగూ రాదు. ఆమెకు చెప్పేద్దాం" అన్నాను.

"యేమని చెప్పేది? నీ బిడ్డ మొగం నేనే గీకి పారేసినా అనా?"

ముందుగా సుబ్బరాయుడికి కావలసిన పెద్ద ప్రింటు తీసి, ఆరబెట్టి, చుట్టి పక్కన పెట్టారు. ఆ తర్వాతే దూది ముంచారు. మద్దిలేటమ్మ ఆ మధ్యాహ్నం వచ్చి వరండాలో గోడకు ఆనుకుని కూర్చుంది. నేను ఆయనతో చీకటిగదిలోకి వెళ్లాను. ఎర్రబల్బు కింద, మందు నీళ్ల ట్రేలో కాగితం మీద మొదట జుట్టు వచ్చింది, తర్వాత కళ్లు. పెదవి. చివరకు చెంపలు.

చెంపల మీద గుంటలు రాలేదు. అక్కడక్కడా ఒకటో రెండో గుంటలు, వాటి చుట్టూ ఆయన బ్లేడు తిరిగిన దారులన్నీ నల్లగా వచ్చాయి. అడ్డంగా, నిలువుగా, ఒకదాని మీద ఒకటి. అన్నాళ్లూ వాటి మీద పెన్సిలు కప్పి ఉంది. ఆయన ఆ ప్రింటును కడిగే నీళ్లలో వేసి, నీళ్లలోనే దాన్ని అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయారు. ఇంకా తిప్పితే ఇంకేదైనా వస్తుందన్నట్టు.

దాచమంటే దాచేదాన్ని. ఆయన దాచమనలేదు. తడి ప్రింటునే పళ్లెంలో పెట్టి వరండాలోకి తీసుకుపోయారు.

మద్దిలేటమ్మ చూసింది. వేలితో తాకబోయి, తడి అని ఆగింది.

"నా బిడ్డను ఎవురప్పా ఇట్ల రక్కినారు?" అంది.

ఆయన వరండా మెట్టు మీద, ఆమె కంటే కిందగా కూర్చున్నారు. "నేనేనమ్మా. మచ్చలు తీసేదానికి."

ఆమెకు కోపం వస్తుందని నేను ఎదురుచూశాను. రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది. "ఆ పిల్లే అడిగిందా?" అంది.

"అడగలేదు. మొదటి బొమ్మ చించింది. నాకు అర్థమైంది అనుకున్నా."

"చించే పిల్లే అది" అని ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

అమావాస్య ఇంకా కొన్నాళ్లు ఉంది. ఆయన పాత మంచి ప్రింటు ఒకటి తీసి బల్ల మీద పెట్టారు. "పోయినవి మళ్లా పెడ్తా. యాడ యాడ ఉండేవో చెప్పమ్మా" అన్నారు. ముఖాల మీద మచ్చలు తీయడమే కానీ పెట్టడం ఆయన ఎన్నడూ చేయలేదు. సన్నటి కుంచె, నల్లసిరా. మద్దిలేటమ్మ కళ్లు మూసుకుని చెప్పింది. కళ్లు తెరిస్తే ఎదురుగా ఉన్న నున్నటి ముఖం అడ్డొస్తోందంది. "కంటి కింద మూడు ఉండె, దగ్గిర దగ్గిరగా, పొయ్యిరాళ్ల మాదిరి." అది అమ్మవారు పోసిన చిన్నప్పటి చెంప అని నాకనిపించింది. పెద్దయ్యాక చెంప సాగి, ఆ మూడూ దూరమై ఉంటాయి. ముక్కు కొసన ఉన్నది కుడివైపు అని నేనన్నాను. ఎడమవైపు అని ఆయన గట్టిగా చెప్పారు. తర్వాత ఆయనకే తెలిసింది. ఆయనకు గుర్తున్నది కమలాక్షి ముఖం కాదు, బల్ల మీద బోర్లించిన నెగటివ్. బోర్లిస్తే అందులో కుడి ఎడమలు కూడా తిరగబడతాయి.

అయినా పూర్తిచేశారు. చాలా బాగా చేశారు. ప్రతి గుంటకూ లోపల నీడ, అంచున వెలుగు. ఆయన చేతికి చెడ్డగా చేయడం రాదు. ఆ గుంటలు కూడా కమలాక్షికి అందం కోసం పెట్టినట్టే వచ్చాయి.

మద్దిలేటమ్మ ఫోటోను ఒళ్లో పెట్టుకుని చూసింది. "బాగుండాయప్పా" అంది. ఆయన ఊపిరి వదిలారు. "ఇవి నువ్వు పెట్టినవి. అమ్మోరు ఇంత ఒద్దికగా పెట్టదు."

ఫోటో బల్ల మీదే వదిలేసి వెళ్లింది.

ఆ అమావాస్యకు ఆమె వేపమండ గోడకు ఆనించి, దాని ముందు చీర పెట్టిందని తర్వాత తెలిసింది.

విగ్రహం పెట్టింది మరుసటి ఏడు ఎండలు ముదరకముందు. ఫోటోలు తీయడానికి సమితివాళ్లు ఆయనను పిలిచారు. హైదరాబాదు నుంచి ఒక సినిమా నటుడు ముఖ్య అతిథి. పేరున్నవాళ్లు వచ్చే చోటికి పోవడం ఆయనకు ఎప్పుడూ ఇష్టమే. ఆ రోజు మాత్రం "నువ్వూ రా అరుణా" అన్నారు. నేను వెళ్లాను.

ఆళ్లగడ్డలో నాటకాల అరుగు పక్కన దిమ్మె కట్టి, దాని మీద నల్లరాతి విగ్రహం నిలిపారు. నడుము దాకా ఉంది. ఇంకా గుడ్డ కప్పి ఉండగానే శిల్పి చెన్నకేశవులు మమ్మల్ని చూసి దగ్గరికి వచ్చాడు. చేతుల నిండా రాతిపొడి మరకలున్న నడివయసు మనిషి.

"అన్నా, నీ బొమ్మ చూసే చెక్కినా. ఎట్లొచ్చిందో చెప్పల్ల" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "అవ్వ నా తావకు మూడు మాట్లు వచ్చిందమ్మా, గుంటలు పెట్టమని. మచ్చున్న రాయిని మేము బొమ్మకే తీసుకోము. బాగున్న రాయికి నేను మచ్చ పెడ్తే, చెన్నకేశవులు పురుగు తిన్న రాయి అంటగట్టినాడంటారు. నేనేం జేసేది?"

"అవ్వ ఏమంది?" అని అడిగాను.

"ఏమీ అనలా. నా ఉలి చేతికి తీసుకోని చూసి, మళ్లా ఆడే పెట్టి పాయ."

గుడ్డ తీశారు. చప్పట్లు కొట్టారు. విగ్రహం నున్నగా, ఎండకు మెరుస్తూ ఉంది. పెదవి పక్కకు వంగలేదు, ఎందుకంటే ఫోటోలో వంగలేదు. నటుడు దండ వేశాడు, మా ఆయన ఫోటోలు తీశారు. తర్వాత సుబ్బరాయుడు మైకులో తల్లిగారు వచ్చి బొట్టు పెట్టాలని పిలిచాడు.

మద్దిలేటమ్మకు కొత్త చీర కట్టించారు. దిమ్మె పక్కన వేసిన స్టూలు ఎక్కింది. ఒకామె పసుపు కుంకుమల పళ్లెం ఎత్తి పట్టుకుంది. మద్దిలేటమ్మ కుంకుమ వైపు చూడలేదు. వేలు పసుపులో ముంచి రాతి చెంప మీద ఒక చుక్క పెట్టింది. పక్కన ఇంకొకటి. కంటి కింద మూడు, దూరం దూరంగా. ముక్కు కొసన కుడివైపు. కళ్లు మూసుకుని పెడుతోంది. ఆ చేయి ఎక్కడా వెతుక్కోలేదు.

జనంలో ఎక్కడో నవ్వు మొదలైంది.

"అమ్మా, బొట్టు నొసట పెట్టల్ల, చెంపకు గాదు" అన్నాడు సుబ్బరాయుడు.

"తెల్సు" అని ఆమె రెండో చెంప మొదలుపెట్టింది.

నా పక్కన కెమెరా ఒకసారి టిక్కుమంది. ఒక్కసారే. అంతలో సుబ్బరాయుడు దిమ్మె ఎక్కాడు. "పెద్దామె, కండ్లు సరిగా కనపడవు" అని మైకులో చెప్పి, తడి తువ్వాలుతో విగ్రహం ముఖం తుడిచాడు. బాగా, శ్రద్ధగా, ముక్కు పక్కల కూడా తుడిచాడు. తానే నుదుటి మీద గుండ్రంగా కుంకుమ పెట్టాడు. ఆమెను చేయి పట్టుకుని మర్యాదగా కిందికి దించారు. నేను ఆయన వైపు చూశాను. ఆయన కెమెరా కిందికి దించి, దాని పట్టీ సరిచేసుకుంటున్నారు.

మరునాడు ఫిలిం కడిగాక నన్ను పిలిచారు. కిటికీ దగ్గర నిలబడి ఆ ఒక్క నెగటివ్‌ను వెలుగుకు పట్టుకుని ఉన్నారు. నేను చూశాను. నల్లరాయి నెగటివ్‌లో తెల్లగా, లేతగా అయింది. దాని మీద పసుపు చుక్కలు నల్లగా, గుంటల్లా దిగాయి. ఒక చెంప పూర్తిగా, రెండోది సగం. టీ గ్లాసు పట్టుకుని నేను చూసిన ముఖం అది. దాని మీద పెన్సిలు లేదు, బ్లేడు లేదు.

"ఇది ప్రింటు వేస్తే?" అన్నాను.

"మళ్లా తిరగబడతాది. నల్లరాయి, తెల్ల చుక్కలు."

"నెగటివ్‌నే ఇంకో నెగటివ్ తీసి..."

"అన్నీ తిప్పి చూసినాలే" అన్నారు ఆయన. తెల్లవారుజాము నుంచి ఆయన ఏం చేస్తున్నారో అప్పుడు నాకు తెలిసింది. చీకటిగది తీగ మీద రెండు మూడు ప్రింట్లు ఆరుతున్నాయి. ఎటు తిప్పినా ఒకటి వస్తే ఒకటి పోయింది.

మద్దిలేటమ్మకు కబురు పంపాం. ఆళ్లగడ్డ బస్సు దిగి, చెప్పుల్లేని కాళ్లతోనే వచ్చింది. ఆయన నెగటివ్‌ను ఆమె చేతికిచ్చి, అంచులు పట్టుకోవడం చూపించి, కిటికీ వైపు తిప్పారు. ఆమె కన్ను ఒకటి మూసి, చేయి చాచి, దగ్గరకు తెచ్చుకుని చూసింది. నోరు కొద్దిగా తెరుచుకుంది. వేలు గాలిలోనే ఒక్కొక్క చుక్క దగ్గర ఆగి జరిగింది.

"ఉండాయి" అంది. "అన్నీ ఉండాయి."

ఆమె ఇంకా చూస్తోంది. చూసి చూసి మెల్లగా ఆయన వైపు తిరిగింది. నెగటివ్‌లో రాతి కళ్లు రెండూ వెలుగులో కలిసిపోయి, ఖాళీగా, తెల్లటి గుంటల్లా ఉన్నాయి.

"కండ్లు యాడికి పోయినాయప్పా?"

ఆయన బల్ల అంచు పట్టుకున్నారు. "ప్రింటు తీస్తే కండ్లొస్తాయమ్మా" అన్నారు. "అప్పుడు మొగం రాయైతాది."

ఆమె దాన్ని ఇంకొకసారి వెలుగుకు పట్టుకుంది. తర్వాత నెగటివ్‌ను కాగితంలో చుట్టమని నాకిచ్చింది. చుట్టి ఇస్తే కొంగు చివర వేసి ముడి బిగించింది.

"చీర పెట్టేటప్పుడు కిటికీకి పెడ్తా" అంది. "ఎండ ఉంటే సరి."

పెద్దల అమావాస్య వానల్లో వస్తుంది. ఆ సంగతి ఆమెకు తెలియనిది కాదు.